ఎవరిదని అడగలేదు

మాయాబజార్ పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావువా, ఘంటసాలవా అన్న వాదన పాత పాటలంటే ఇష్టమున్న తెలుగువాళ్లు నలుగురు కలిస్తే చాలు, ఈనాటికీ లేస్తుంది. నాలుగు పాటలకు వరసలు కట్టి రాజేశ్వరరావు తప్పుకున్నారని, వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేసి, మిగతా సంగీతమంతా తన భుజాన వేసుకున్నది ఘంటసాల అని తెలిసినవాళ్లు చెబుతారు. ఆ నాలుగూ ఏవి అన్నదాని మీద మళ్లీ పేచీ. ఇలాంటి పేచీల్లో నేనూ గొంతు పెంచాను. అది తప్పనడం లేదు. ఒక వరస ఎవరిదో తేల్చుకోవాలన్న పట్టుదల వెనక ఉన్నది ప్రేమే. కానీ 1957 నుంచి ఇంత ప్రేమగా వాదించుకున్న మనం, ఆ మూడు గంటల చిత్రంలో పాటలూ పద్యాలూ పోగా మిగిలిన సంగీతం గురించి ఒక్కసారీ వాదించుకోలేదు. ఘటోత్కచుడు మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు మోగేదేమిటి? శశిరేఖ రూపంలో అతను నడుస్తుంటే సావిత్రి అడుగుల కింద వినిపించేదేమిటి? ప్రియదర్శిని పేటిక మూత తెరిచినప్పుడు ఏ వాద్యం పలికింది, దాన్ని ఎవరు వాయించారు? ఎవరమూ అడగలేదు.

అడగలేదు అనేకంటే అడగాలని తెలియలేదు అనడం సబబేమో. అయితే ఆ మాట నన్ను నేను సమాధానపరచుకోవడానికి మరీ బాగా పనికొస్తోంది. అందుకే దాన్ని నమ్మలేకపోతున్నాను. ఆ సంగీతం మన చెవిన పడలేదా అంటే పడింది. పడకపోతే ఆ చోట్లలో అలా నవ్వి ఉండేవాళ్లం కాదు, అలా కళ్లు తుడుచుకుని ఉండేవాళ్లం కాదు. హాల్లోంచి బయటికి వచ్చాక మాత్రం ఆ నవ్వునీ ఏడుపునీ వేరేవాళ్ల ఖాతాలో రాశాం. మార్కస్ బార్ట్‌లీ వెన్నెల అన్నాం, పింగళి మాటలన్నాం, కె.వి.రెడ్డి కథ నడిపిన తీరన్నాం. సావిత్రి ఒంట్లో రంగారావు కనిపించాడన్నాం. అన్నీ నిజాలే. ఇన్ని నిజాలు చెప్పగలిగినవాళ్లం ఇంకొక్కటి చెప్పలేకపోయాం.

ఏటా ఫిబ్రవరి 11న ఘంటసాల వర్ధంతి సభలు జరుగుతాయి. పరాయి దేశాల్లో తెలుగువాళ్లున్న చోట్లా జరుగుతాయి. పాటలు పాడతాం, పద్యాలు పాడతాం, ఆయన భగవద్గీత వింటాం. పాతాళభైరవి, పెళ్లిచేసి చూడు, మాయాబజార్, లవకుశ వీటన్నిటికీ సంగీత దర్శకుడు ఆయనే. ఆయన గొంతును పూజగది దాకా తీసుకెళ్లాం. తెర ముందు కూర్చుని, ఒక దృశ్యాన్ని కళ్లారా చూసి, దీనికి ఏం కావాలి అని ఆలోచించిన ఘంటసాలను మాత్రం ఒక్క సభకూ పిలవలేదు. ఆయన నేపథ్య సంగీతం రెండు నిమిషాలు వినిపించి, ఇక్కడ ఏం చేశారో చూడండి అని చెప్పిన సభకు నేను వెళ్లలేదు. అలాంటి సభ పెడదామని నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఆ పని ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి. మనం దేన్ని పట్టించుకోలేదో తెలియకుండా పట్టించుకోలేదని వాపోవడంలో అర్థం లేదు.

చిత్రం ఎడిటింగ్ అయ్యాక, మాటలు చేరిన కాపీని సంగీత దర్శకుడికి రీలు తర్వాత రీలు వేసి చూపించేవారు. ముప్ఫై అయిదు ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. ఆయన స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంటాడు. తలుపు తెరుచుకునేది ఎన్నో సెకనులో, ఆమె తలెత్తేది ఎన్నో సెకనులో, సంగీతం ఎక్కడ మొదలు కావాలి, ఎక్కడ మాటకు దారి ఇచ్చి తగ్గాలి, ఎక్కడ ఏమీ మోగకుండా వదిలెయ్యాలి, ఇదంతా కాగితం మీద పెడతాడు. ఆ కొలతకు సరిపోయేలా స్వరాలు రాస్తాడు. సహాయకులు వాటిని వాద్యాల వారీగా విడదీసి, నొటేషన్ కాపీలు రాసి, ఒక్కొక్కరి ముందూ పెడతారు. తర్వాత హాల్లో దీపాలు తగ్గించి అదే రీలు మళ్లీ వేస్తారు. ముందు వరసలో వయొలిన్లు, వెనక వేణువు, సితార్, తబలా, పక్కగా క్లారినెట్టూ ట్రంపెట్టూ, అందరూ బొమ్మను బట్టి నడిచే చేతి సైగను చూస్తూ వాయించాలి. ట్రాకులు విడివిడిగా తీసుకునే సదుపాయం రాకముందు ఒక్కరు తడబడితే ఆ ముక్కంతా మళ్లీ మొదటి నుంచే. పాటల కంపోజింగ్‌కు వారాలిచ్చిన నిర్మాతలు దీనికి రోజులే ఇచ్చేవారు, ఎందుకంటే ఇది అన్నిటికన్నా చివరి పని, విడుదల తేదీ అప్పటికే పేపర్లో పడిపోయి ఉంటుంది. పరిశ్రమలో దీన్ని రీరికార్డింగ్ అంటారు, పొట్టిగా ఆర్ఆర్.

ఇందులో పాటకు లేని కష్టం ఒకటుంది. పాటలో సంగీతానిదే పెత్తనం. నటుడు దానికి పెదవులు కలుపుతాడు, కెమెరా దాన్ని బట్టి కదులుతుంది. ఆర్ఆర్‌లో అంతా అప్పటికే జరిగిపోయి ఉంటుంది. నటుడు చూసిన చూపు చూసేశాడు, ఎడిటర్ కత్తిరించాల్సింది కత్తిరించేశాడు. అప్పుడొచ్చి, ఎవరి పనీ చెడకుండా, దృశ్యంలో అందరూ కలిసి చెప్పలేకపోయింది చెప్పాలి. బాగా చెప్పినకొద్దీ చెప్పినట్టు తెలియకూడదు. పని ఎంత గొప్పగా కుదిరితే చేసినవాడు అంతగా కనపడకుండా పోతాడు. ఆ కనపడకపోవడాన్ని మనం వాడుకున్నాం.

వాడుకున్నాం అనే మాట కటువుగా ఉంటే ఉండనీ. సాగరసంగమం (1983)లో మాధవి తెచ్చి చేతికిచ్చిన ఆహ్వాన పత్రిక పేజీలు తిప్పుతూ, పెద్ద పెద్ద నాట్యకళాకారుల ఫొటోల మధ్య బాలకృష్ణ తన ఫొటో చూసుకునే చోటు ఎంతమందికి గుర్తులేదు? అక్కడ మాటలు కొద్ది. ఆ దృశ్యాన్ని కమల్ హాసన్ నటన అని, విశ్వనాథ్ దర్శకత్వమని చెప్పుకుని నలభై ఏళ్లు దాటింది. ఆ చిత్రానికి ఇళయరాజాకు జాతీయ పురస్కారం వచ్చింది. తర్వాత రుద్రవీణ (1988)కూ వచ్చింది. ఆయనను తెలుగువాళ్లు గుర్తించలేదని ఎవరూ అనలేరు, నేనూ అనను. రాజా అంటే చాలు, ఊగిపోతాం. కానీ దేనికి ఊగిపోతాం? ఆయన పేరు మీద జరిగే పాటకచేరీకి టికెట్టు కొని వెళ్లిన మనం పాటలే అడుగుతాం. హార్మోనియం ముట్టకుండా, బొమ్మ ఒకసారి చూసి, ఏ వాద్యానికి ఏ స్వరమో నేరుగా కాగితం మీదికి దించే మనిషి ఆయన. అన్వేషణ (1985)లో అడవిని భయంగా మార్చిందీ, శివ (1989)లో కాలేజీ గేటు ముందు జరగబోయేది జరగకముందే మన కడుపులో తిప్పిందీ ఆయన కాగితమే. పక్షుల కూతలకూ సంగీతానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేసే అమ్మాయి కథ అన్వేషణ. కథే చెవి మీద నడుస్తుంటే, మనం పాటల కేసెట్టు కొనుక్కుని ఇంటికొచ్చాం.

కేసెట్టులో ఉన్నవి పాటలే కదా, మనం కొనడానికి వేరే ఏముంది అని అడగవచ్చు. చాలాకాలం నేనూ అక్కడే ఆగాను. గ్రామఫోను రికార్డు ఒక పక్క పట్టేది మూడు నిమిషాల చిల్లర. అందులో పాట పడుతుంది, ఆర్ఆర్ పట్టదు. కంపెనీ పాటే అమ్మింది, రేడియో రికార్డే వేసింది, మనం రేడియోనే విన్నాం. సినిమా హాలు బయట అమ్మిన పాటల పుస్తకాల్లో కథ సగం దాకా ఉండి, మిగతాది వెండితెరపై చూడమని ఉండేది, ఆ తర్వాత పాటలు, పాట కింద రచయిత పేరు, గాయకుల పేర్లు. దేనికదే సౌకర్యం. ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ఇదీ నేరం అనలేం. అన్నీ కలిసి మాత్రం సినిమా సంగీతమంటే పాటలే అన్న నమ్మకాన్ని మనలో పాతేశాయి. ఆ నమ్మకం మనకు హాయిగా ఉంది. మొదలై మూడు నిమిషాల్లో ముగిసేదాన్ని ప్రేమించడం సులువు. మాటల మధ్య తలదాచుకుని వచ్చిపోయేదాన్ని ప్రేమించాలంటే కాసేపు కుదురుగా వినాలి.

నిజానికి మనకు కుదురుగా వినే అలవాటు లేకపోలేదు. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్ద చిత్రం వచ్చే రోజులు గుర్తున్నవాళ్లకు ఇది తెలుసు. మూడు గంటల సినిమాను గంటకు కుదించి, బొమ్మ లేకుండా, శబ్దం ఒక్కటే వినిపించేవారు. వంటింట్లోంచి అమ్మ వచ్చి గడప మీద కూర్చునేది. పక్కింటివాళ్లు వచ్చేవారు. సినిమా చూడనివాళ్లు కూడా ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లిపోయారో, ఎవరికి ఏదో ముంచుకొస్తోందో కనిపెట్టేవాళ్లు. మాటల వల్ల కొంత, మాటలు ఆగిన చోట సంగీతం వల్ల మిగతా. ముత్యాలముగ్గు (1975) మాటల రికార్డులు వచ్చాక పెళ్లిళ్లలో మైకుల మీద ఊరంతా వినిపించాయి. రావుగోపాలరావు ప్రతి మాటా మనకు కంఠతా వచ్చింది. ఆ మాట వెనక, మాట మాటకీ మధ్య, కె.వి.మహదేవన్ పెట్టిందీ అదే రికార్డులో ఉంది. అన్నిసార్లు విన్నాం కాబట్టి అదీ కంఠతా వచ్చే ఉంటుంది, మనకు తెలియకుండా. మన చెవి ఆ పని చేయగలదు. మనమే దానికి ఆ పని అప్పగించలేదు.

దీనివల్ల పోయిందేమిటో లెక్క చెప్పడం కష్టం. చిత్రం పూర్తయ్యాక మాటలూ, చప్పుళ్లూ, సంగీతమూ కలిపి ఫిల్ము అంచున సన్నటి గీతగా ముద్రించేవారు. ఒకసారి కలిశాక సంగీతాన్ని మళ్లీ విడిగా తీయడం దాదాపు కుదరని పని. విడిగా ఉన్న టేపుల సంగతి, నొటేషన్ కాగితాల సంగతి ఎవరికి పట్టాలి? పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో మొదలైంది, అప్పటికే ఎన్నో పోయాయి. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) చిత్రమే మనకు మిగల్లేదు. చిత్రాలనే దాచుకోలేనివాళ్లం వాటి స్వరాల కాగితాలు దాచుకుంటామా అని అనుకోవచ్చు. కానీ పాటల పుస్తకాలు దాచుకున్నాం. ట్రంకుపెట్టెల అడుగున, పాత కేలండర్ల మధ్య, అవి ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. దాచుకోవడం చేతకాక కాదు. దేన్ని దాచుకోవాలన్నదాంట్లో మన మనసు ఎటుందో ఆ పెట్టెలు చెబుతాయి. మల్లీశ్వరి (1951)లో వానకు పాడుబడిన మండపంలో చిక్కుకున్న మల్లినీ నాగరాజునీ, మారువేషంలో అక్కడికొచ్చిన రాయలవారినీ పెద్దననూ కలిపి ఉంచిన సంగీతం నొటేషన్ చదవాలనుకునే ఒక విద్యార్థి ఎవరింటికి వెళ్లాలి? రాజేశ్వరరావుతో పాటు ఆ చిత్రానికి పనిచేసిన అద్దేపల్లి రామారావు పేరు మనలో ఎంతమందికి తెలుసు? మాయాబజార్‌కు 2010లో రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి విడుదల చేసినప్పుడు చీర రంగు సరిగ్గా వచ్చిందా లేదా అని మాట్లాడుకున్నాం. శబ్దం మారిందని ఆ మాటల చివర ఒక ముక్క అనుకుని ఊరుకున్నాం.

ఇంకో ఉదాహరణ నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే అక్కడ మనకు ఏ సాకూ లేదు. సింగీతం శ్రీనివాసరావు పుష్పక విమానం 1987లో వచ్చింది. చిత్రంలో ఒక్క మాట లేదు. సంగీతం మాటల కింద పడిపోయింది, అందుకే వినపడలేదు అనడానికి వీల్లేదు. పాట వచ్చి మన మనసు లాగేసుకుంది అనడానికీ వీల్లేదు. రెండు గంటలు చప్పుళ్లూ సంగీతమూ తప్ప మరేమీ లేదు. ఆ సంగీతం ఎల్.వైద్యనాథన్‌ది. వయొలిన్ విద్వాంసుడు, ఎల్.సుబ్రమణ్యం, ఎల్.శంకర్‌ల అన్నగారు. దూరదర్శన్‌లో మాల్గుడి డేస్ మొదలయ్యేటప్పుడు వినిపించే హమ్మింగ్ కట్టింది కూడా ఆయనే. అది మన తరం వాళ్లంతా కూనిరాగం తీసినదే. ఇప్పుడు ఎవరినైనా పుష్పక విమానం గురించి చెప్పమనండి. మంచు కత్తి గురించి చెబుతారు, కమల్ హాసన్, అమల సైగలతో మాట్లాడుకున్న తీరు చెబుతారు, మాటల్లేకుండా సినిమా తీసిన సింగీతం ధైర్యం చెబుతారు. నేనూ అలాగే చెప్పాను, రాశాను కూడా. మాటలు లేని సినిమా అని పొగుడుతూ, మాటలకు బదులు ఏముందో చూడలేదు.

ఆ చిత్రంలో సినిమా హాలు పక్కన అద్దె గదిలో బతికే కుర్రాడు పెద్ద హోటల్ గదికి మారాక నిద్ర పట్టక నానా అవస్థ పడతాడు. ఆ గదిలో నిశ్శబ్దం ఎక్కువ. చివరికి పాత గది దగ్గరికి వెళ్లి, పక్కనున్న హాల్లోంచి వచ్చే ఫైటింగుల గోల టేపులోకి ఎక్కించుకుని, తెచ్చి మంచం పక్కన పెట్టుకుంటేగానీ కళ్లు మూతపడవు. హాలంతా నవ్వాం. ఇప్పుడు ఆ చోటు చూస్తుంటే నాకు మన సంగతే గుర్తొస్తుంది. వైద్యనాథన్ 2007లో పోయారు. చిత్రం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో తెలుగు పత్రికలకు రాసేవాళ్లలో ఒకణ్నయిన నేను చెన్నై వెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుని, ఆ రెండు గంటలు ఎలా నింపారండీ అని అడిగి ఉండవచ్చు. అడగాలన్న ఊహే నాకు రాలేదు.

పరిశ్రమలో ఉన్నవాళ్లకు ఈ పని విలువ మనకన్నా బాగానే తెలుసు. మణిశర్మను తొలి రోజుల్లో రామ్‌గోపాల్ వర్మ రాత్రి (1992)కి పెట్టుకున్నది నేపథ్య సంగీతం కోసం. ఇరవై ఏళ్లు గడిచాక, సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు (2013)కు పాటలు మిక్కీ జె మేయర్ చేస్తే, నేపథ్య సంగీతానికి మళ్లీ మణిశర్మే వచ్చారు. ఆ ఇంట్లో మధ్యాహ్నాలు, అన్నదమ్ముల మధ్య అలకలు, నాన్న ఊరికే నవ్వుతూ నడిచిపోవడం, వీటిని కలిపి కుట్టింది ఎవరో మనం పట్టించుకోలేదు. పాటలు ఫలానావారివి, ఆర్ఆర్ ఫలానావారిది అని టైటిల్స్‌లో రెండు పేర్లు పడితే, రెండో పేరు చదివేలోపు మనం సీటు వెతుక్కుంటూ ఉన్నాం.

పేరు పడినవాళ్లకే ఇలా అయితే, పేరే పడనివాళ్ల సంగతి ఏం చెప్పను. కోడంబాక్కంలో, వడపళనిలో, స్టూడియోల థియేటర్లలో పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి దాకా వాయించినవాళ్లు వందల మంది. వాళ్లలో తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు, గోవా వాళ్లు. చాలా చిత్రాల టైటిల్స్‌లో వాళ్ల పేర్లు లేవు. మహదేవన్ వెనక జీవితమంతా నిలబడిన పుహళేంది పేరు సహాయకుడిగా పడింది గనుక మనకు చేరింది. రాజ్-కోటి దగ్గర, రమేశ్ నాయుడు దగ్గర దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు వాయించేవాడని ఇప్పుడు గర్వంగా చెప్పుకుంటాం, ఎందుకంటే ఆ కుర్రాడు తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు. అదే హాల్లో అతని పక్కన కూర్చుని వయొలిన్ వాయించినాయన పేరు చెప్పమంటే నోరు పెగలదు. రెహమాన్ తన కేసెట్ల లోపలి కాగితం మీద వాద్యకారుల పేర్లు అచ్చు వేయించడం మొదలుపెట్టినప్పుడు మనం ఆ కాగితం మడత విప్పి పాటల వరస చూసుకుని మళ్లీ మడిచేశాం.

పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. అదే కాలంలో సింథసైజర్లు, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ముప్ఫై మంది వయొలిన్లు వాయించే చోట ఒక్కరు మీటలు నొక్కితే సరిపోయే రోజు వచ్చింది. ఖర్చు తగ్గింది, టైము తగ్గింది. తప్పంతా యంత్రానిది అనడానికి మనసొప్పదు. యంత్రంతో అద్భుతాలు చేసినవాళ్లు ఉన్నారు. కానీ తేడా మనకు తెలిసిందా? తెలిస్తే ఎవరితోనైనా అన్నామా? సినిమా చూసొచ్చి, పాటలు బాగున్నాయి అనుకుని పడుకున్నాం. ప్రేక్షకుడికి తేడా తెలియనప్పుడు నిర్మాత ముప్ఫై మందికి ఎందుకు ఇవ్వాలి? ఆ ముప్ఫై మందీ ఇళ్లకు వెళ్లిపోవడానికి మనం అడ్డు చెప్పలేదు. చెప్పడానికి అవకాశం వచ్చిన ప్రతి శుక్రవారమూ నాలాంటివాళ్లు సమీక్ష చివర ఒక వాక్యం రాశారు: నేపథ్య సంగీతం సన్నివేశాలకు బలం చేకూర్చింది. ఎవరి సినిమాకైనా సరిపోయే వాక్యం. సినిమా చూడకపోయినా రాయగల వాక్యం. ఏ సన్నివేశానికి, ఏ వాద్యంతో, ఎలా బలం చేకూర్చిందో రాయాలంటే మళ్లీ ఇంకో ఆట చూడాలి. ఇంకో ఆట చూడలేదు.

ఇప్పుడు పరిస్థితి మారిందనేవాళ్లు ఉన్నారు, అందులో కొంత నిజముంది. కుర్రాళ్లందరూ బీజీఎం అంటున్నారు. హీరో నడిచొచ్చే ముక్కను ఫోన్లో రింగ్‌టోన్ పెట్టుకుంటున్నారు. బాహుబలి నేపథ్య సంగీతాన్ని పాటలతో సంబంధం లేకుండా సంపుటాలుగా విడుదల చేశారు. మా తరం నోచుకోని భాగ్యం ఇది, సంతోషమే. కానీ కుర్రాళ్లకు ఏది బాగుందో చెప్పే అలవాటు ఎవరు నేర్పాలి? పెద్దవాళ్లం మేమే నేర్పాలి, మాకే రాదు. మేము మెత్తగా పలికినదాన్ని ఎప్పుడూ పొగడలేదు గనుక, వాళ్లకు అందింది గట్టిగా మోగేదే. కుర్చీ అదిరితే బీజీఎం అదిరిందంటున్నారు. సంగీత దర్శకులు మన అడుగు చూసి అడుగేశారు. మెల్లగా పలికితే మనం వినలేదు కాబట్టి గట్టిగా పలికారు. గట్టిగా పలికితే ఈల వేశాం కాబట్టి ఇంకా గట్టిగా పలికారు. హీరో మౌనంగా నిలబడే చోట కూడా డోలు మోగకపోతే వెలితిగా అనిపించేలా మన చెవిని మనమే తయారుచేసుకున్నాం. అర్జున్ రెడ్డి (2017)కి పాటలు రధన్‌వి, నేపథ్య సంగీతం హర్షవర్ధన్ రామేశ్వర్‌ది. ఆ రెండో పేరు మనలో చాలామంది చెవిన పడింది యానిమల్ చిత్రానికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చాకే.

పురస్కారాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 2009 చిత్రాల నుంచి పాటల సంగీతానికీ నేపథ్య సంగీతానికీ వేరువేరుగా ఇస్తున్నారు. ఆ ఏడాది నేపథ్య సంగీతానికి పళశిరాజా అనే మలయాళ చిత్రానికి ఇళయరాజాకు ఇచ్చారు. అంతకుముందు 1994లోనే మలయాళ సంగీత దర్శకుడు జాన్సన్‌కు సుకృతం నేపథ్య సంగీతానికి వచ్చింది. జాన్సన్ పేరెత్తితే మలయాళీలు పాటలతో పాటు ఆయన నేపథ్య సంగీతాన్నీ తలుచుకుంటారు. వాళ్లకు చేతనైంది మనకెందుకు చేతకాలేదో నాకు పూర్తిగా అర్థం కాలేదు. మన దగ్గర పాట మరీ బలంగా ఉండటం వల్ల కావచ్చు. పద్యం నుంచి వచ్చినవాళ్లం, గొంతు విప్పి పాడితేనే సంగీతమనుకునేవాళ్లం. ఇదీ ఒక సాకులాగే వినిపిస్తోంది.

2023 మార్చిలో ఆర్ఆర్ఆర్ పాటకు ఆస్కార్ వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కారు. ఆ పొద్దున తెలుగువాళ్ల ఇళ్లలో టీవీలు ఆగలేదు, ఆగాలని ఎవరూ అనరు, అది పండగే. అదే ఏడాది ఆగస్టు 24న 69వ జాతీయ పురస్కారాలు ప్రకటించారు. ఉత్తమ నటుడిగా అల్లు అర్జున్, పాటలకు పుష్ప సంగీతం చేసిన దేవిశ్రీ ప్రసాద్. తెలుగు నటుడికి ఆ పురస్కారం రావడం అదే మొదటిసారి. ఇల్లిల్లూ పండగ చేసుకుంది. ఆ జాబితాలోనే ఉత్తమ నేపథ్య సంగీతం కింద కీరవాణి పేరు ఉంది. అన్నమయ్య (1997) తర్వాత ఆయనకు వచ్చిన రెండో జాతీయ పురస్కారం, ఆర్ఆర్ఆర్ చిత్రానికే, ఈసారి పాటకు కాకుండా మిగతా సంగీతానికంతటికీ. ఆ సాయంత్రం ఫోన్లో మాట్లాడినవాళ్లలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మర్నాడు రాయడానికి కూర్చుని, పురస్కారం వచ్చిన ఆ సంగీతంలో ఏ చోటు గురించి రాయాలి అని ఆలోచిస్తే, విరామానికి ముందు లారీ బోనుల్లోంచి పులులూ జింకలూ దూకే ఘట్టం కళ్లకు కట్టింది గానీ, దాని కింద ఏం మోగిందో గుర్తురాలేదు. ఆస్కార్ పాట మొదటి దరువు నుంచి చివరి దరువు దాకా నోటికి వచ్చు. ఆ వ్యాసం పాట గురించే రాసి పంపాను.